సిమ్యులేటర్‌లో విద్యుత్ తీగ: రైలుమార్గాల డిజిటల్ పునర్నిర్మాణంలో కాలనిర్ణయ సమస్య

వ్యాససంగ్రహం:

రైలు సిమ్యులేటర్‌లో ఒక మార్గానికి విద్యుత్ తీగలు చేర్చడం సాంకేతికంగా చిన్న పని. చరిత్రదృష్టితో చూస్తే అది ఒక కాలనిర్ణయం. పట్టాల మీద తీగ కనబడగానే ఆ దృశ్యం ఫలానా సంవత్సరం తరువాతిదని చూసేవారు గ్రహిస్తారు. 2001లో వెలువడిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, దాని ఫైళ్ళను చదువుకొని పనిచేసే ఓపెన్ రైల్స్ ఈ తీగను ఏ విధంగా నిర్వచించాయో, ఆ నిర్వచనం వల్ల విద్యుదీకరణ చరిత్రలో ఏ అంశాలు మరుగునపడుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1960 ప్రాంతపు మద్రాసును ప్రధానోదాహరణగా తీసుకొని, గ్రంథపరిష్కరణ శాస్త్రంలోని ప్రక్షిప్తం, పీఠిక అనే భావనలు ఈ డిజిటల్ రచనలకు ఎలా ఉపకరిస్తాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: రైలు సిమ్యులేటర్, విద్యుదీకరణ, ఓవర్‌హెడ్ తీగ, డిజిటల్ చరిత్ర, కాలవైరుద్ధ్యం, ప్రక్షిప్తం, పరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:

గతాన్ని పునర్నిర్మించే పని ఒకప్పుడు చరిత్రకారుడు, నవలాకారుడు, నాటకకర్త, చిత్రకారుడు చేసేవారు. గత పాతికేళ్ళలో వారి సరసన మరొకరు చేరారు. కంప్యూటర్ మీద ఒక రైలుమార్గాన్ని స్టేషన్లతో, సిగ్నళ్ళతో, వంతెనలతో, చెట్లతో సహా తిరిగి నిర్మించే అభిరుచిపరులు వారు. జీతం లేకుండా, చాలా సందర్భాలలో పేరు కూడా ఆశించకుండా, నెలల తరబడి పటాలు, ఛాయాచిత్రాలు, కాలపట్టికలు పోల్చి చూసి ఈ మార్గాలను రూపొందిస్తారు. ఇది వినోదం కోసం చేసే పనే అయినా అందులో సేకరణ ఉంది, పోలిక ఉంది, నిర్ణయం ఉంది. కనుక దానిని ఒక చారిత్రక రచనగా చదవవచ్చు.

2001లో మైక్రోసాఫ్ట్ ప్రచురించిన ట్రైన్ సిమ్యులేటర్‌ను బ్రిటన్‌కు చెందిన కుజు ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ తయారుచేసింది. అందులో ఆరు మార్గాలు ఉన్నాయి. అమెరికాలోని ఈశాన్య కారిడార్, జపాన్‌లోని టోక్యో–హకోనే మార్గం విద్యుత్ రైళ్ళవి. అమెరికాలోని మరియాస్ పాస్, జపాన్‌లోని హిసాత్సు మార్గం డీజిల్ రైళ్ళవి. ఇంగ్లండులోని సెటిల్–కార్లైల్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్–సెయింట్ ఆంటన్ మార్గాలలో ఆవిరి ఇంజన్లు నడుస్తాయి. మార్గాలను తయారుచేసుకొనే పనిముట్టును, అంటే రూట్ ఎడిటర్‌ను కూడా ఆటతోపాటే ఇవ్వడం వల్ల ప్రపంచంలోని అనేక దేశాల మార్గాలు, మన దేశపు మార్గాలు, ఇంజన్లు దానిలోకి వచ్చాయి. ఆ ఆట అమ్మకం ఆగిపోయిన తరువాత కూడా ఆ ఫైళ్ళు వృథా కాకుండా ఓపెన్ రైల్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాటిని చదివి నడిపిస్తోంది.

ఈ ఆటలో ఒక విశేషం ఉంది. రైలు నడిపే ప్రతి కార్యక్రమానికి బయలుదేరే గంట, నిమిషం నిర్దేశించాలి. రుతువు నిర్దేశించాలి. వాన పడుతోందా, మంచు కురుస్తోందా అన్నదీ చెప్పాలి. సంవత్సరం నిర్దేశించే గడి మాత్రం అందులో లేదు. ఉదయం ఎనిమిది గంటలు, వసంతకాలం, నిర్మలాకాశం అని యంత్రానికి తెలుసు. అది 1935వ సంవత్సరమో, 1985వ సంవత్సరమో తెలియదు. ఆ సమాచారం దృశ్యంలోని వస్తువుల నుండి మనమే గ్రహించాలి. అటువంటి వస్తువులలో అన్నింటికంటే ముందు కంటబడేది, మార్గం పొడవునా తెగకుండా కనబడేది విద్యుత్ తీగ. అందుచేతనే ఈ వ్యాసం తీగను కేంద్రంగా తీసుకొంటున్నది.

2. విద్యుదీకరణ చరిత్రలో ముఖ్య ఘట్టాలు:

భారతదేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లా వరకు హార్బర్ మార్గంలో నడిచింది. దానికి వాడినది 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. తరువాతి అయిదారేళ్ళలో ఆ తీగలు పశ్చిమ కనుమలు ఎక్కి ఒకవైపు పూనా, మరొకవైపు ఇగత్‌పురి చేరాయి. 1931లో మద్రాసు బీచ్–తాంబరం మీటర్‌గేజి మార్గం అదే 1500 వోల్టులతో విద్యుదీకరణ పొందింది. 1957లో హౌరా ప్రాంతంలో 3000 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో రైళ్ళు మొదలయ్యాయి.

అదే కాలంలో ఫ్రెంచి రైల్వేల అనుభవాన్ని ఆధారం చేసుకొని భారతీయ రైల్వేలు 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తును ప్రమాణంగా స్వీకరించాయి. ఇప్పటి జార్ఖండ్‌లోని రాజ్‌ఖర్సవాన్–డోంగాపోసి మార్గంలో 1959 చివర ఈ పద్ధతి తొలిసారి అమలైంది. వోల్టేజీ ఎక్కువైతే అదే శక్తికి ప్రవాహం తగ్గుతుంది. సన్నని తీగ చాలుతుంది. సబ్‌స్టేషన్ల మధ్య దూరం పెంచవచ్చు. ఈ లాభాల వల్ల పాత వ్యవస్థలు క్రమంగా తొలగిపోయాయి. మద్రాసు 1967లో మారింది. బొంబాయిలో మాత్రం ఏకముఖ విద్యుత్తు 2016 దాకా కొనసాగింది.

తెలుగు ప్రాంతాలకు ఈ తీగ ఆలస్యంగా వచ్చింది. మద్రాసు–గూడూరు–విజయవాడ మార్గం 1980 ప్రాంతంలో విద్యుదీకరణ పొందింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం చేర్చే కొత్తవలస–కిరండూల్ మార్గానికి 1980ల తొలి ఏళ్ళలో తీగలు వచ్చాయి. కాజీపేట మీదుగా బల్లార్షా వైపు సాగిన పని ఆ దశాబ్దమంతా నడిచింది. కాజీపేట–సికింద్రాబాద్ మార్గం 1990ల తొలినాళ్ళలో తీగను చూసింది.

ఈ క్రమంలో గమనించవలసినది ఒకటి ఉంది. విద్యుదీకరణ ఒక్క రోజున దేశమంతటా జరగలేదు. అది ముక్కలు ముక్కలుగా, ఒక జంక్షన్ నుండి మరొక జంక్షన్‌కు సాగింది. తీగ ఆగినచోట బండి ఆగేది. ఒక ఇంజను విడిపోయి మరొకటి తగిలేది. ఒక తరం ప్రయాణికులకు విజయవాడ, కాజీపేట వంటి స్టేషన్లలో ఇంజను మార్పు ప్రయాణంలో భాగం. ఆ విరామాల చుట్టూ ఉద్యోగాలు, షెడ్లు, టీ దుకాణాలు, నిరీక్షణలు ఉండేవి. చరిత్ర దృష్ట్యా తీగ ఎంత ముఖ్యమో, తీగ అంతమైన చోటు కూడా అంతే ముఖ్యం.

3. సిమ్యులేటర్‌లో తీగ వచ్చే విధానం:

మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో ప్రతి మార్గానికి ఒక ప్రధాన వివరణ ఫైలు ఉంటుంది. అది సాధారణ పాఠ్యఫైలు. ఎవరైనా తెరిచి దిద్దవచ్చు. మార్గం పేరు, దాని వర్ణన, గరిష్ఠ వేగం వంటి వివరాలతోపాటు అందులో విద్యుత్తుకు సంబంధించిన మూడు పంక్తులు ఉంటాయి. మొదటిది 'ఎలక్ట్రిఫైడ్'. దానికి సున్న అని రాస్తే తీగ లేదు, ఒకటి అని రాస్తే ఉంది. రెండవది తీగ ఎత్తు, మీటర్లలో. మూడవది గరిష్ఠ వోల్టేజీ.

సున్నను ఒకటిగా మార్చి ఫైలును భద్రపరిస్తే చాలు, మార్గంలోని పట్టాలన్నిటి మీద తీగ ప్రత్యక్షమవుతుంది. ప్రధాన మార్గం, లూప్ లైను, గూడ్స్ యార్డు, ఎవరూ వాడని సైడింగు అనే భేదం ఉండదు. ఇక్కడినుండి అక్కడివరకు మాత్రమే తీగ అని చెప్పే వెసులుబాటు ఆ పంక్తిలో లేదు.

తీగను యంత్రమే గీస్తుంది. స్తంభాలను గీయదు. వాటిని రూపకర్త వేర్వేరు వస్తువులుగా తన చేత్తో నిలబెట్టాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం రెండు స్తంభాల మధ్య దూరం 72 మీటర్లకు మించదు. మద్రాసు–విజయవాడ మార్గం సుమారు 430 కిలోమీటర్లు. జంట పట్టాలకు రెండువైపులా స్తంభాలు నిలపాలంటే, స్టేషన్లలో అదనంగా వచ్చేవాటిని వదిలేసినా, కనీసం 12,000 స్తంభాలు కావాలి. ఇంత శ్రమ చేయలేక కొందరు స్తంభాలు లేకుండానే వదిలేస్తారు. అప్పుడు ఆకాశంలో ఏ ఆధారమూ లేకుండా వేలాడే తీగ మిగులుతుంది. వాస్తవంలో ముందు పునాది తవ్వి, స్తంభం నిలిపి, దానికి బ్రాకెట్ బిగించి, చివరకు తీగ లాగుతారు. ఆటలో తీగ ముందు వస్తుంది, స్తంభం వస్తే వస్తుంది. నిర్మాణక్రమం తలకిందులైంది.

ఇతర ఆటలు వేరే దారులు తొక్కాయి. ఆస్ట్రేలియాలోని ఆరాన్ సంస్థ రూపొందించిన ట్రైన్జ్‌లో తీగను పట్టాల వలెనే ఒక వంపురేఖా వస్తువుగా, కావలసినంత మేరకే పరుస్తారు. కుజు సంస్థే 2007లో తెచ్చిన రైల్ సిమ్యులేటర్‌లో విద్యుదీకరణ ఒక్కొక్క పట్టాముక్కకు చెందిన లక్షణం. కళ్ళకు కనిపించే తీగ వేరు, ఇంజనుకు శక్తినిచ్చే లక్షణం వేరు. ఆ విధానంలో తీగ ఉండి విద్యుత్తు లేని పట్టాలు, విద్యుత్తు ఉండి తీగ లేని పట్టాలు కూడా సాధ్యమే. ప్రతి విధానమూ విద్యుదీకరణ అంటే ఏమిటన్న ప్రశ్నకు ఒక సమాధానమే. మొదటిది దానిని మార్గం మొత్తానికి చెందిన స్వభావమన్నది. రెండవది పరచదగిన వస్తువన్నది. మూడవది పట్టాముక్కకు చెందిన గుణమన్నది.

4. నిజమైన తీగ, గీసిన తీగ:

నిజమైన తీగకు ఒక నిర్మాణం ఉంది. 25 కిలోవోల్టుల మార్గాలలో ఇంజను మీది పాంటోగ్రాఫ్‌ను తాకే స్పర్శతీగ సాధారణంగా 107 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగితీగ. దానికి పైన ఆధారతీగ ఉంటుంది. ఆధారతీగ తన బరువుకు తానే వంగుతుంది. స్పర్శతీగ వంగకూడదు. అందుకని పైతీగ నుండి చిన్న చిన్న డ్రాపర్లతో కిందితీగను సమతలంగా వేలాడదీస్తారు. ఈ వంపుకు, సమతకు మధ్య ఉన్న ఏర్పాటే ఓవర్‌హెడ్ వ్యవస్థకు ప్రాణం. తొలి సిమ్యులేటర్ స్పర్శతీగను మాత్రమే గీసింది. దానిని మోసే పైతీగ అందులో లేదు.

రెండవ భేదం తీగ నడక. పట్టాల మధ్యరేఖ మీద తీగ నిటారుగా సాగితే పాంటోగ్రాఫ్ మీది కార్బన్ పట్టీ ఒకేచోట అరిగి గాడి పడుతుంది. అందువల్ల నేరుగా ఉన్న పట్టాల మీద తీగను ఒక స్తంభం దగ్గర 200 మిల్లీమీటర్ల వరకు ఎడమకు, మరొక స్తంభం దగ్గర అంతే కుడికి లాగి కడతారు. వంపులలో ఇది 300 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి తల ఎత్తితే ఈ వంకర కనిపిస్తుంది. సిమ్యులేటర్ తీగ పట్టాల మధ్యరేఖను వీడదు.

మూడవది ఎత్తు. వాస్తవంలో తీగ ఎత్తు అంతటా ఒకటి కాదు. రోడ్డు వంతెన కింద తగ్గుతుంది, లెవెల్ క్రాసింగ్ దగ్గర పెరుగుతుంది. రెండంతస్తుల కంటెయినర్లు నడిచే కొత్త సరుకు మార్గాలలో అది ఏడు మీటర్లు దాటింది. ఆటలో మార్గమంతటికీ ఒకే అంకె. యాభైకి పైగా సొరంగాలున్న కొత్తవలస–కిరండూల్ వంటి మార్గాన్ని ఒకే ఎత్తుతో నిర్మిస్తే, ఆ ఎత్తు ఏ సొరంగానికి సరిపోతుందో చూసుకొని మిగిలిన మార్గమంతా దానికి లోబడవలసి వస్తుంది.

నాలుగవది సరఫరా. 25 కిలోవోల్టుల వ్యవస్థలో పక్కపక్కనున్న సబ్‌స్టేషన్లు గ్రిడ్‌లోని వేర్వేరు ఫేజుల నుండి విద్యుత్తు తీసుకొంటాయి. రెండింటినీ కలపరాదు. అందుచేత మధ్యలో విద్యుత్తు లేని చిన్న భాగం, న్యూట్రల్ సెక్షన్, ఉంటుంది. దానికి 500 మీటర్లు, 250 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డులుంటాయి. లోకోపైలట్ ప్రధాన స్విచ్చి ఆపి, బండి ఊపుతో ఆ భాగాన్ని దాటి, మళ్ళీ స్విచ్చి వేస్తాడు. ఇది అతని వృత్తిజ్ఞానంలో భాగం. మార్గం మొత్తానికి ఒకే వోల్టేజీ రాసి ఊరుకొనే ఫైలులో ఈ జ్ఞానానికి చోటులేదు.

ఈ నాలుగు భేదాలూ లోపాల పట్టిక కోసం చెప్పినవి కావు. వీటన్నిటిలో ఒకే ధోరణి ఉంది. దృశ్యంగా తీగ మిగిలింది. తీగను నిలబెట్టే పని, నడిపే పని, దాటే పని తప్పుకొన్నాయి. అంటే తీగ చుట్టూ ఉన్న మనుషుల పని తప్పుకొంది.

5. 1960 ప్రాంతపు మద్రాసు – ఒక పరీక్ష:

ఒకే పంక్తితో తీగను నిర్వచించడం వల్ల చరిత్రకు కలిగే ఇబ్బందిని ఒక నిర్దిష్టమైన స్థలకాలాల మీద పరీక్షించవచ్చు. 1960 ప్రాంతపు మద్రాసు అందుకు అనువైనది. రాష్ట్రాలు విడిపోయినా పుస్తక ప్రచురణ, పత్రికలు, సినిమా పనుల మీద తెలుగువారి రాకపోకలు అక్కడికి ఎక్కువగా సాగుతున్న కాలమది.

విజయవాడ నుండి వచ్చిన ప్రయాణికుడు సెంట్రల్ స్టేషన్‌లో దిగేవాడు. అది బ్రాడ్‌గేజి. గూడూరు వైపు మార్గానికి అప్పటికి తీగలు లేవు, మరో ఇరవై ఏళ్ళదాకా రావు. సెంట్రల్ ముందు రోడ్డు దాటితే పార్క్ స్టేషన్. అది బీచ్–తాంబరం మీటర్‌గేజి మార్గం మీద ఉంది. అక్కడ 1931 నుండీ విద్యుత్ బండ్లు నడుస్తున్నాయి. రోడ్డుకు ఒకవైపు బొగ్గు పొగ, మరొకవైపు 1500 వోల్టుల తీగ. నడిచి దాటగలిగిన దూరంలో రెండు యుగాలు ఒకే రోజున ఉండేవి.

ఈ దృశ్యాన్ని తొలి సిమ్యులేటర్‌లో ఒకే మార్గంగా నిర్మించాలంటే ఏం చేయాలి? ఎలక్ట్రిఫైడ్ పంక్తిలో ఒకటి రాస్తే సెంట్రల్ మీద కూడా తీగ వస్తుంది. అది సుమారు 1980 తరువాతి దృశ్యమవుతుంది. సున్న రాస్తే తాంబరం మార్గం కూడా తీగ కోల్పోతుంది. అది 1931కి ముందటి దృశ్యమవుతుంది. ఒకటి రాసినా, సున్న రాసినా 1960 రాదు. రెండింటి మధ్యనున్న యాభై ఏళ్ళ కాలం ఆ పంక్తిలో ఇమడదు.

వోల్టేజీ విషయం మరింత చిక్కు. 1967లో ఆ మార్గం 25 కిలోవోల్టులకు మారింది. పట్టాలు అవే, స్టేషన్లు అవే, దూరం నుండి చూసేవారికి తీగ కూడా ఇంచుమించు అదే. బండ్లు మాత్రం మారాయి. 2004లో ఆ నగరమార్గంలో మీటర్‌గేజి రైళ్ళు ఆగిపోయాయి. అంటే ఒకే దారిలో 1931, 1967, 2004 అనే మూడు కాలరేఖలున్నాయి. పక్కనే ఉన్న బ్రాడ్‌గేజి మార్గపు 1980ని కలిపితే నాలుగు. ఒక మార్గం తయారుచేసినవారు ఈ నాలుగింటిలో ఎక్కడ నిలబడ్డారో చెప్పకపోతే చూసేవారు పొరబడక తప్పదు.

6. ప్రక్షిప్తంగా తీగ:

ప్రాచీన కావ్యాల పరిష్కరణలో తరువాతి కాలపు పద్యాలు మూలంలో చేరిపోవడాన్ని ప్రక్షిప్తం అంటాం. ప్రక్షిప్త పద్యం చెడ్డది కానక్కరలేదు. ఒక్కొక్కసారి మూలంలోని పద్యం కంటే చక్కగా కూడా ఉండవచ్చు. సమస్య దాని నాణ్యతలో లేదు. అది ఏ కాలానిదో చెప్పకుండా మరొక కాలపు పద్యాల నడుమ కూర్చోవడంలో ఉంది.

సిమ్యులేటర్ మార్గాలలో తీగ తరచుగా ఇదేవిధంగా ప్రవేశిస్తుంది. ఆవిరి యుగపు నీటి ట్యాంకు, చేతితో లాగే సిగ్నల్ లివర్లు, వాటి నడుమ 25 కిలోవోల్టుల తీగ, దాని కింద 1990ల చివర వచ్చిన డబ్ల్యు.ఏ.పి. ఏడు రకం ఇంజను కలిసి కనిపించవచ్చు. ప్రతి వస్తువూ విడివిడిగా సత్యమే. అవన్నీ కలిసి ఏ ఒక్క రోజునా లేవు.

ఇంజను పేరులో కూడా కాలం దాగి ఉందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. భారతీయ ఇంజన్ల వర్గనామంలో మొదటి అక్షరం గేజిని తెలుపుతుంది. డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి, వై అంటే మీటర్‌గేజి. రెండవ స్థానంలో సి అంటే ఏకముఖ విద్యుత్తు, ఏ అంటే ఏకాంతర విద్యుత్తు, డి అంటే డీజిల్. ఆ తరువాత పి ప్రయాణికులకు, జి సరుకులకు, ఎం రెండింటికీ. సి.ఏ. అని రెండక్షరాలూ కలిసి వస్తే ఆ ఇంజను రెండు రకాల విద్యుత్తుతోనూ నడుస్తుంది. బొంబాయి చుట్టూ రెండు వ్యవస్థలు పక్కపక్కన ఉన్న కాలానికి అటువంటి డబ్ల్యు.సి.ఏ.ఎం. ఇంజన్లు సాక్ష్యం. మీటర్‌గేజి ఏకాంతర విద్యుత్ ఇంజనుకు వై.ఏ.ఎం. అని పేరు. నాలుగక్షరాలలో ఒక సంధికాలం ఇమిడి ఉంది. ఈ పేర్లు చదవడం తెలిసిన రూపకర్త శాసనలిపి చదివే పరిశోధకుని వలె ప్రక్షిప్తాలను వెంటనే పట్టుకొంటాడు.

7. సాఫ్ట్‌వేర్‌లో జరిగిన సవరణలు:

ఓపెన్ రైల్స్ పాత ఫైళ్ళను అలాగే చదువుతూనే తీగ విషయంలో కొన్ని కొత్త పంక్తులను అనుమతించింది. వాటిలో మూడు చారిత్రకదృష్టితో ప్రస్తావించదగినవి.

మొదటిది రెండవ తీగ. కోరుకొంటే స్పర్శతీగకు పైన మరొక తీగను, దాని ఎత్తును నిర్దేశించవచ్చు. తొలి ఆట విస్మరించిన ఆధారతీగ ఈ విధంగా తిరిగి వచ్చింది.

రెండవది త్రిఫేజ్ తీగలు. పట్టాల మీద పక్కపక్కన రెండు తీగలు, వాటి మధ్య దూరం నిర్దేశించే ఏర్పాటు ఇది. ఇటలీలోని వాల్తెల్లీనా మార్గంలో 1902లో హంగరీ ఇంజనీరు కాండో కాల్మాన్ కృషితో త్రిఫేజ్ విద్యుత్ రైళ్ళు నడిచాయి. రెండు ఫేజులకు రెండు తీగలు, మూడవ ఫేజుకు పట్టాలు. ఉత్తర ఇటలీలో విస్తరించిన ఆ పద్ధతి 1976లో పూర్తిగా ముగిసింది. ఆ తీగల జ్ఞాపకం కోసం, అవి తొలగిపోయిన కొన్ని దశాబ్దాల తరువాత, ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చోటు కల్పించింది. గతాన్ని సరిగా చూపాలన్న పట్టుదల ఉంటే పనిముట్టునే సవరించవచ్చునని ఇది నిరూపిస్తుంది.

మూడవది దీనికి విరుద్ధమైనది. తీగలు లేని మార్గంలో కూడా విద్యుత్ ఇంజనును నడపడానికి వీలుకల్పించే ఐచ్ఛికం ఒకటి ఓపెన్ రైల్స్‌లో ఉంది. ఇది వాస్తవానుగుణం కాదని ఆ సాఫ్ట్‌వేర్ సూచనల గ్రంథమే చెబుతుంది. ఈ నిజాయితీ విలువైనది. కాలవైరుద్ధ్యాన్ని నిషేధించలేదు, దాచనూ లేదు. ఆడేవాని ఇష్టానికి వదులుతూనే అది వైరుద్ధ్యమని పేరుపెట్టి చెప్పింది. కవికి ఉన్న స్వేచ్ఛ, పరిష్కర్తకు ఉన్న బాధ్యత ఒకేచోట కలిసిన సందర్భమిది.

8. భాషలో నిలిచిన కాలాలు:

తీగ వచ్చిన తరువాత మారినది దృశ్యం ఒక్కటే కాదు. తెలుగులో రైలుకు ఏర్పడిన తొలి పేర్లు పొగతో ముడిపడినవి. జనవ్యవహారంలో పొగబండి, గ్రాంథికంలో ధూమశకటం. ఆ తరువాత బొగ్గు ఇంజను, డీజిల్ ఇంజను, కరెంటు ఇంజను అనే వరుస ఏర్పడింది. బొగ్గు ఇంజను అన్న మాట డీజిల్ వచ్చిన తరువాతనే అవసరమై ఉండాలి. అప్పటివరకు ఇంజను అంటే చాలు. ఒక కొత్త వస్తువు పాత వస్తువుకు విశేషణం తగిలించడం భాషాచరిత్రలో సాధారణం. ఈ పదాల వరుస కూడా ఒక కాలపట్టికే.

సిమ్యులేటర్‌లో ధూమశకటాన్ని తీగ కింద నడిపితే కంటికి కలిగే ఇబ్బంది, కరెంటు బండిని పొగబండి అంటే చెవికి కలిగే ఇబ్బంది ఒక కోవకు చెందినవి. అయితే రెండవదానిలో ఒక సౌలభ్యం ఉంది. పొగ పోయినా పొగబండి అనే మాట కొందరి నోట చాలాకాలం నిలిచింది. భాష పాతదానిని మోస్తూ కొత్తదానిని సూచించగలదు. సున్న, ఒకటి అనే రెండు విలువలున్న పంక్తికి ఆ శక్తి లేదు.

ఇంకొక సంగతి. దేశంలో బ్రాడ్‌గేజి మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తి కావచ్చింది. తీగ లేని ప్రధాన మార్గం ఎలా ఉండేదో, ఆకాశానికి అడ్డం లేని పట్టాల వరుస ఎలా కనిపించేదో రాబోయే తరానికి ప్రత్యక్షానుభవం ఉండదు. ఇంజను మార్పు కోసం బండి ఆగిన అరగంట ఏ కాలపట్టికలోనూ ఉండదు. ఈ స్థితిలో అభిరుచిపరులు తయారుచేసిన మార్గాలు క్రమంగా ఆధారాలుగా మారే అవకాశం ఉంది. పాత స్టేషన్ రూపం ఎలా ఉండేదని అడిగినవారికి ఛాయాచిత్రం దొరకకపోతే సిమ్యులేటర్ చిత్రాన్ని చూపుతారు. అప్పుడు దానిలోని తీగ ఏ సంవత్సరానిదన్న ప్రశ్న కేవలం ఆటకు సంబంధించినదిగా ఉండదు.

9. పీఠిక ఆవశ్యకత:

సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాలకు అనేక ప్రతులు సేకరింపజేసి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ తరువాతి పరిష్కర్తలు తాము ఏ ప్రతులను చూశారో, ఏ పాఠాన్ని ఎందుకు స్వీకరించారో పీఠికలో చెప్పే సంప్రదాయాన్ని బలపరిచారు. పీఠిక లేని పరిష్కరణను మనం నమ్మం.

సిమ్యులేటర్ మార్గంలో కూడా పీఠికకు చోటు ఉంది. తీగ ఉన్నదో లేదో చెప్పే ఆ ఫైలులోనే మార్గవర్ణనకు ఒక పంక్తి ఉంటుంది. చాలామంది అందులో అందమైన ప్రకృతి గురించి రాసి ఊరుకొంటారు. అక్కడ మూడు వివరాలు రాస్తే చాలు. ఈ మార్గం ఏ సంవత్సరాన్ని చూపుతున్నది? విద్యుదీకరణ ఏ స్టేషన్ల మధ్య ఉండేది? తీగ లేని భాగానికి తీగ చూపవలసి వస్తే అది ఏ భాగం? ఈ మూడూ రాసిన మార్గంలో పనిముట్టు పరిమితి వల్ల తప్పు మిగిలినా, ఆ తప్పు పాఠకునికి తెలిసిన తప్పు అవుతుంది.

మన విశ్వవిద్యాలయాలలో డిజిటల్ మానవీయశాస్త్రాల పేరుతో తాళపత్రాల ప్రతిబింబాలు, నిఘంటువుల యంత్రరూపాలు తయారవుతున్నాయి. పరిష్కరణ శాస్త్రంలో శిక్షణ పొందినవారి అవసరం వాటి బయట కూడా ఉందని ఈ చిన్న ఉదాహరణ సూచిస్తుంది. స్థానిక స్టేషన్ల చరిత్ర, విశ్రాంత రైల్వే ఉద్యోగుల జ్ఞాపకాలు సేకరించే పనిని తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి చేపడితే, ఆ సమాచారం ఇటువంటి పునర్నిర్మాణాలకు ఆధారమవుతుంది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సంవత్సరం నిర్దేశించే గడి లేని తొలి సిమ్యులేటర్‌లో విద్యుత్ తీగే దృశ్యానికి ప్రధాన కాలసూచిక అయింది.

2. తీగను మార్గం మొత్తానికి ఒకే విలువతో నిర్వచించడం వల్ల పాక్షిక విద్యుదీకరణ కాలం, ఇంజను మార్పు స్టేషన్ల చరిత్ర చిత్రణకు అందకుండా పోయాయి. 1960 ప్రాంతపు మద్రాసు దీనికి స్పష్టమైన ఉదాహరణ.

3. గీసిన తీగలో ఆధారతీగ, ఎడమకుడి వంకర, ఎత్తులోని మార్పు, న్యూట్రల్ సెక్షన్ లోపించడం వల్ల రైల్వే సిబ్బంది వృత్తిజ్ఞానం కనుమరుగైంది.

4. ఓపెన్ రైల్స్‌లో రెండవ తీగ, త్రిఫేజ్ తీగల చేర్పు పనిముట్టును చరిత్రకు అనుగుణంగా సవరించడం సాధ్యమని చూపుతున్నది.

5. కాలం చెప్పకుండా చేర్చిన తీగ ప్రక్షిప్తంతో సమానం. మార్గవర్ణనలో కాలనిర్దేశం చేయడం దానికి అందుబాటులో ఉన్న పరిష్కారం.

సున్నను ఒకటిగా మార్చడానికి ఒక్క క్షణం పడుతుంది. మద్రాసు నుండి విజయవాడకు తీగ రావడానికి 1931 నుండి లెక్కిస్తే సుమారు అర్ధశతాబ్దం పట్టింది. ఆ అర్ధశతాబ్దాన్ని గుర్తుంచుకొని ఆ అంకెను మార్చినవారు చరిత్రకు సాయం చేసినవారవుతారు.